అరవై ఆరు పుస్తకాల మీద చెయ్యి

ఉపదేశి పోయాడన్న కబురు మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, ఫోన్‌లో చెప్పింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నేను కరీంనగర్ బస్టాండులో ఉన్నాను. "ఉపదేశన్న పోయిండురా" అంది. ఫోన్ పెట్టెయ్యలేదు. ఆమె ఊపిరి తీయడం వినపడుతూనే ఉంది. నేను ఎక్కాల్సిన బస్సు వదిలేసి మంచిర్యాల బస్సు ఎక్కాను. అక్కడి నుంచి బెల్లంపల్లి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. కత్తోలిక గుడిలో ఫాదర్ కింద ఉపదేశి అని ఒకడుంటాడు. పూజ చేసే గురువు కాదు. పెళ్లాం పిల్లలున్న మామూలు మనిషి. పిల్లలకు జపాలు నేర్పడం, పెళ్లిళ్లకు ముందు జంటలను కూర్చోబెట్టి మాట్లాడడం, రోగుల ఇళ్లకు ఫాదర్‌ను తోలుకుపోవడం, చావు కబురు మోయడం, ఇవన్నీ అతని పనులు. బెల్లంపల్లి గుడిలో ఈయన నలభై ఏళ్లకు పైగా ఆ పనుల్లోనే ఉన్నాడు.

మా ఇల్లు కత్తోలిక ఇల్లు కాదు. మేం ప్రొటెస్టెంట్లం. మా అవ్వ మా గుడిలో బైబిల్ స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చెయ్యడం ఆమె పని. నేనా, ఏ గుడికీ పోను. పాతికేళ్లుగా మతాల మీద కయ్యానికి దిగుతూ రాస్తున్నవాణ్ని. నా రాతలు చదివేవాళ్లకు నేను ఒక గుడి ఉపదేశిని తలుచుకుంటూ రాయడం వింతగానే ఉంటుంది. ఉండనివ్వండి. నేను రాసిన ఒక వ్యాసం వల్ల మా అవ్వకు తన గుడిలో నిలబడే చోటు లేకుండా పోబోయింది. ఆ చోటు పోకుండా కాపాడింది ఈయన. దానికి ఈయన ఏం వదులుకున్నాడో ఇన్నేళ్లూ నేను రాయలేదు. రాయడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు వీలు దొరికింది. ఇచ్చింది మా అవ్వే.

బొగ్గు గనుల ఊళ్లో రెండు గుళ్లు ఎట్లా ఉంటాయో చెప్తాను. పెద్దపల్లి, మంథని పల్లెల నుంచి ఒకే వాడ మనుషులు, ఒకే వంశం మనుషులు గనిలో పనికి వచ్చారు. అన్న ఒక గుడి పట్టుకున్నాడు, తమ్ముడు ఒక గుడి పట్టుకున్నాడు. మేం వాళ్లను "బొమ్మలోళ్లు" అనేవాళ్లం, మరియమ్మ విగ్రహం ముందు జపమాల తిప్పుతారని. వాళ్లు మమ్మల్ని "విడిపోయినోళ్లు" అనేవాళ్లు. వాళ్లు దేవుణ్ని మీరు అని మన్నిస్తారు, మేం నువ్వు అని పిలుస్తాం. ఊరి పటేళ్లకు మాత్రం ఈ తేడాలేవీ అక్కర్లేదు. ఇద్దరం "కిరస్తానోళ్లమే", ఇద్దరం వాకిట్లోనే నిలబడేవాళ్లమే. తిట్లు తినేటప్పుడు ఒక్కటైన జనం ప్రార్థనకు వచ్చేసరికి రెండుగా చీలడం నాకు చిన్నప్పటి నుంచే మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఇంకో తమాషా. రెండు గుళ్లలోనూ మాట్లాడేవాడు మావాడు కాదు. మా పాస్టర్లు గుంటూరు, కృష్ణ వైపు నుంచి వచ్చేవాళ్లు. వాళ్ల ఫాదర్లు కేరళ నుంచి. గోదావరికి ఈవల కరీంనగర్ వైపు కత్తోలికుల పూజ లాటిన్ పద్ధతి, నది దాటి ఆదిలాబాద్ జిల్లాలో అడుగుపెడితే కేరళ పద్ధతి. ఉపదేశి ఈవల పుట్టి ఆవల బెల్లంపల్లికి పోయినవాడు. "చిన్నప్పుడు ఒక తీరు మొక్కిన, మీసాలొచ్చినంక ఇంకో తీరు మొక్కిన, మోకాళ్లు మాత్రం గవ్వే" అనేవాడు.

కొత్తగా వచ్చిన ప్రతి మలయాళీ ఫాదర్‌కూ తెలుగు నేర్పే పని ఈయనదే. పుస్తకం ముట్టుకోనిచ్చేవాడు కాదు. గని గేటు ముందున్న చాయ్ హోటల్లో కూర్చోబెట్టి షిఫ్టు దిగినవాళ్ల మాటలు వినమనేవాడు. సంతకు తీసుకుపోయి వంకాయల బేరం చేయించేవాడు. ఒక ఫాదర్ బడి తెలుగులో "తమరు ఎట్లున్నారు" అని ఒక ముసలామెను పలకరిస్తే, ఆమె తన వెనక ఎవరో పెద్దమనిషి నిలబడ్డాడనుకుని తిరిగి చూసిందట. ఉపదేశి ఆ కథ చెప్పి చెప్పి నవ్వేవాడు. "దేవునికి ఏ తెలుగైనా సమజైతది. గీ ముసలవ్వకు సమజ్ గావాల్నంటే మన తెలుగే గావాలె." ఇంత మంచి భాషా విధానం నేను ఏ విశ్వవిద్యాలయం సదస్సులోనూ వినలేదు.

ఇక మా బాపు, మా నాయన సంగతి. గని కార్మికుడు, యూనియన్ మనిషి, తాగేవాడు కూడా. సమ్మె రోజుల్లో కార్మికులు కూర్చోవడానికి గుడి ఆవరణ ఇవ్వలేదని పాస్టరుతో తగాదా పడి గుడి మానేశాడు. మళ్లీ పోకుండానే, నాకు పదకొండేళ్లప్పుడు, గనిలో కప్పు కూలి చనిపోయాడు. పూడ్చేటప్పుడు పాస్టరు అందరి ముందూ అన్నమాట నాకు గుర్తుంది. చనిపోయాక తలుపు మూసుకుంటుంది, బయట ఉండిపోయినవాళ్ల కోసం ఏడవగలమే గాని ప్రార్థించలేం, అన్నాడు. అది అతని కోపం కాదు, సిద్ధాంతమే. మా గుడిలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన లేదు. కత్తోలికులకు ఉంది. నరకానికీ మోక్షానికీ నడుమ ఉత్తరించు స్థలం అని ఒకటుందని, అక్కడ ఆగిపోయిన ఆత్మలకు బతికున్నవాళ్ల ప్రార్థన అందుతుందని వాళ్ల నమ్మకం. నవంబర్ రెండున వాళ్ల గుడిలో చనిపోయినవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటే చదువుతారు. ఇళ్లవాళ్లు చీటీల మీద రాసి ఇస్తారు. చదివేది ఉపదేశి.

బాపు పోయిన ఏడాదికి మా అవ్వకు బైబిల్ స్త్రీ పని ఇచ్చారు. అప్పటి నుంచి భర్త పోయిన ప్రతి ఇంట్లోనూ ఆమె కూర్చుని, ఆ పాస్టరు తనకు చెప్పిందే ఇంకొంచెం మెత్తగా చెప్పాల్సి వచ్చేది.

ఇరవై రెండేళ్ల కింద, గుళ్ల మీద ఒక వ్యాసం రాద్దామని, నేను నవంబర్ రెండున కత్తోలిక గుడికి పోయి వెనక నిలబడ్డాను. ఉపదేశి పేర్లు చదువుతున్నాడు. నింపాదిగా, ఇంటిపేరుతో సహా, ఒక్కో పేరు తర్వాత ఆగుతూ. ఆ మధ్యలో మా బాపు పేరు వినపడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పది రోజుల్లో పత్రికలో వ్యాసం వచ్చింది. బతికున్నవాళ్లు చాలక చచ్చినవాళ్లను కూడా మతం మారుస్తున్నారని రాశాను. ఏ గుడికీ లొంగని మా బాపును, అడిగేవాడు లేడని, వాళ్ల జాబితాలో కలుపుకున్నారని రాశాను. ఉపదేశిని "ఆత్మల దళారి" అన్నాను. ఆ మాట దొరికినందుకు ఆ రోజు నా మీద నాకే ముచ్చటేసింది.

కత్తోలికులు ఆ వ్యాసాన్ని పట్టించుకోలేదు. పట్టించుకుంది మా గుడివాళ్లు. బైబిల్ స్త్రీ భర్త పేరు కత్తోలికుల పూజలోకి ఎట్లా పోయింది, ఎవరిచ్చారు, అని కమిటీ కూర్చుంది. ఆమే ఇచ్చి ఉంటే పని నుంచి తీసెయ్యడమే కాదు, సంఘం నుంచీ వెలి. మా అవ్వకు ఆ గుడి తప్ప వేరే బతుకు లేదు. ఆమె దోస్తులు, ఆమె పాటలు, ఆమెను "అమ్మా" అని పిలిచే నాలుగు వందల ఇళ్లు, అన్నీ అందులోనే. ఆమెకు ఏ సంబంధమూ లేదని వాదించడానికి నేను కూడా పోయాను. వాదించడం నాకు అలవాటే కదా.

గుడి వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నారు. బల్ల మీద నా వ్యాసం, ఎర్ర గీతలతో. మా అవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సెక్రటరీ, గని ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మీ ఆయన పేరు వాళ్లకు ఎవరిచ్చారమ్మా అని అడిగాడు. ఆమె నోరు తెరిచింది. అప్పుడే తలుపు దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"నన్ను పిలువలే గని వచ్చిన" అన్నాడు ఉపదేశి. "గా పేరు నేనే రాసిన. ఆయన నేను దోస్తులం. ఈమెకు తెల్వది."

సెక్రటరీకి నమ్మకం కలగలేదు. ప్రమాణం చేసి చెప్తారా అని బల్ల మీదున్న బైబిల్ ముందుకు జరిపాడు. ఉపదేశి దాన్ని కాసేపు చూశాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. కుడిచెయ్యి దాని మీద పెట్టి, "దేవుని మీద ఆన. ఈమెకు తెల్వది" అన్నాడు.

క్షమాపణ పత్రం రాయించుకున్నారు. నిలబడే రాశాడు. మా వాళ్ల పేర్లు ఇక మీ గుడిలో వినపడొద్దన్నారు. మంచిదన్నాడు. ఆయన చెప్పులేసుకుంటుంటే నేను వెనకే పోయి, గెలిచినవాడి గొంతుతో, "చచ్చినోళ్లనన్న ఇడిసిపెట్టుండ్రి సారూ" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "తప్పైంది బిడ్డా" అన్నాడు.

ఇంటికి నడిచి వస్తుంటే రైలు గేటు పడి ఉంది. అక్కడ నిలబడి, పట్టాల వైపు చూస్తూ, మా అవ్వ చెప్పింది. "నేనే ఇచ్చిన. ఎనిమిదేండ్ల సంది నేనే ఇస్తున్న. మన గుళ్ల మీ బాపు కోసం నోరు తెరిచెతందుకు జాగ లేదు. గాళ్ల గుళ్ల ఉన్నది. నేనేం జెయ్యాలె?" మరి అక్కడ ఎందుకు చెప్పలేదంటే, నోరు రాలేదంది. బొగ్గు బండి పోతూనే ఉంది. నా చేతిలో ఇంకా ఆ పత్రిక ఉంది.

మరునాడు ఉపదేశిని వెతుక్కుంటూ పోయాను. చాయ్ హోటల్లో కొత్త ఫాదర్‌తో ఉన్నాడు. నన్ను చూసి, కౌంటర్ దగ్గరికి పోయి మూడు చాయ్ తెలుగులో చెప్పి రమ్మని ఫాదర్‌ను పంపాడు. తప్పు ఒప్పుకుంటూ ఇంకో వ్యాసం రాస్తానన్నాను.

"రాస్తే అవ్వ పేరు రాయాలె. ఊకో" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు: "అబద్ధపు సాక్ష్యం మా లెక్కల ఎనిమిదో ఆజ్ఞ, మీ లెక్కల తొమ్మిదోది. ఏ లెక్కల జూసినా తప్పించుకునేటట్టు లేదు."

పది ఆజ్ఞలు రెండు గుళ్లకూ ఒకటే, అంకెలే వేరు. ఆ రోజు అది హాస్యం అనుకున్నాను. నవ్వాను కూడా. ఫాదర్ నాలుగు చాయ్‌లతో తిరిగి వచ్చాడు.

మరుసటి నవంబర్ రెండున పేర్లు చదవడానికి ఇంకొకరిని పెట్టారు. పక్క సంఘంతో గొడవ తెచ్చాడని ఫాదర్ ఆయన్ను ఆ పని నుంచి తప్పించాడు. ఆ రోజు ఆయన గుడి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకు కొవ్వొత్తులు అందించాడట. ఇంతటితో అయిపోయిందని, ఆయన పోగొట్టుకున్నది ఇంతేనని, పదహారేళ్లు అనుకుంటూ గడిపాను.

ఆరేళ్ల కింద ఒక మిత్రుడి బిడ్డ పెళ్లికి ఆ గుడికి పోయాను. దివ్య సత్ప్రసాదం పంచే వేళ వచ్చింది. క్రీస్తు శరీరమే అని నమ్మి కత్తోలికులు నాలుక మీద తీసుకునే ఆ చిన్న తెల్లటి బిళ్ల లేకపోతే వాళ్ల పూజకు అర్థం లేదు. గుడి గుడంతా లేచి వరుస కట్టింది. చివరి బెంచీ మీద ఉపదేశి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నా పక్కనున్నామెను అడిగితే, "ఆయన తీసుకోడు. ఎన్నేండ్ల సందో. ఎందుకో ఎవ్వలికీ చెప్పడు" అంది.

బయటకు వచ్చాక అడిగాను. దాటేయబోయాడు. నేను వదిలే రకం కాదని ఆయనకు తెలుసు. చెప్పాడు. దైవ గ్రంథం మీద అబద్ధపు ప్రమాణం చావైన పాపం, ఆత్మనే చంపేసేంత పెద్దది. ఆ పాపం మీద ఉండగా సత్ప్రసాదం తీసుకోకూడదు. పాపసంకీర్తనం చేసి, అంటే ఫాదర్ దగ్గర చాటుగా పాపం ఒప్పుకుని, ఆయన చేత క్షమాపణ పొంది, అప్పుడు తీసుకోవాలి.

"మరి చెయ్యరాదా? ఫాదర్ ఎవ్వలికీ చెప్పడు గదా" అన్నాను.

"చేసిందానికి బాధ ఉండాలె బిడ్డా. నాకు లేదు. తప్పని ఎరుకే. మల్ల గా రూములకు పోతే మల్ల గదే జెప్త. బాధ లేనోన్ని పోయి మోకాళ్ల మీద తప్పైందంటే, గది రెండో అబద్ధమైతది. ఒక్కటి సాలు."

నేను వాదించాను. దేవుణ్ని నమ్మనివాణ్ని, ఆ దేవుడి తరఫున ఆయనతో వాదించాను. ఒక ఆడమనిషి బతుకు నిలిపిన మాట పాపమెట్లయితదన్నాను. ఇదంతా మీ పుస్తకాల క్రూరత్వమన్నాను. చివరకు ఒక లాయరు పాయింటు కూడా తీశాను. కత్తోలికుల బైబిల్లో డెబ్భై మూడు పుస్తకాలు, మా దాంట్లో అరవై ఆరే. "మీ లెక్కల అది పూర్తి బైబిలే గాదు సారూ. ఏడు పుస్తకాలు లేని దాని మీద ప్రమాణం ఎట్ల చెల్లుతది?"

ఆయన పడీ పడీ నవ్వాడు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "లేని ఏడు మీద నేను చెయ్యి పెట్టలే బిడ్డా. ఉన్న అరువై ఆరు మీద పెట్టిన."

నాలుగు వందల ఏళ్లు రెండు పక్షాలూ ఒకరి పుస్తకం ఒకరు తప్పుపడుతూ రాసిన గ్రంథాలు బళ్ల కొద్దీ ఉన్నాయి. అవతలివాళ్ల పుస్తకం కూడా తనను కట్టిపడేసేంత నిజమైనదే అని, దాని కోసం తన నోటి దగ్గరి దాన్ని వదులుకుని కూర్చున్నవాణ్ని నేను ఈ ఒక్కణ్నే చూశాను. సఖ్యత సభల్లో పూలగుత్తులు మార్చుకునే పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే, జర ఇక్కడ ఆగి ఆలోచించండి.

నా మిత్రులు కొందరు ఇది మూఢభక్తి అంటారని తెలుసు. ఆయన ముఖం మీదే నేనూ అన్నాను. కానీ ఆ తర్వాత ఒక దృశ్యం నన్ను వదల్లేదు. ఏటా పిల్లలను మొదటి సత్ప్రసాదానికి తయారు చేసేది ఈయనే. నాలుక ఎట్లా పెట్టాలో, కొరకకుండా ఎట్లా కరగనివ్వాలో నేర్పేది ఈయనే. తెల్లబట్టలు వేసుకున్న ఆ పిల్లలను వరుసలో ముందున్న పూజ పీఠం దాకా నడిపించుకుపోయి, అక్కడ వదిలి, వెనక్కి నడిచి వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. ఏటా. ఫాదర్లు మారినప్పుడల్లా కొత్త ఫాదర్ అడిగేవాడట. "సిద్ధంగ లేను ఫాదర్" అనేవాడట. ఆ దూరం, పీఠం నుంచి చివరి బెంచీ దాకా, మహా అయితే ముప్పై అడుగులుంటుంది. నేను దేశం తిరిగి చేసిన ఉపన్యాసాలన్నీ ఆ ముప్పై అడుగుల ముందు నాకు చిన్నగా కనిపిస్తాయి.

అవ్వకు చెప్పవద్దని మాట తీసుకున్నాడు. చెప్పలేదు.

ఆయన్ను పూడ్చిన రోజు పాత ఫాదర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఒకాయనకు జుట్టంతా నెరిసింది. వాళ్లంతా కేరళవాళ్లే. ఒక్కొక్కరూ లేచి రెండు మాటలు మాట్లాడారు. అందరి నోటా అదే యాస, అవే విరుపులు, మాట చివర అదే సాగదీత. పెట్టెలో పడుకున్న మనిషే లేచి నలుగురి గొంతులతో మాట్లాడుతున్నట్టుంది. ఆఖరి రోజు ఆయన సత్ప్రసాదం తీసుకున్నాడా అని ఇప్పటి చిన్న ఫాదర్‌ను పక్కకు పిలిచి అడిగాను. "గది నేను చెప్పద్దు సారూ" అన్నాడు.

ఇంటికొచ్చాక అవ్వకు చెప్పేశాను. మాట తీసుకున్నవాడు పోయాడు, ఇక దాచడం నా వల్ల కాలేదు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. విని, "ఎన్నేండ్లు?" అంది. ఇరవై రెండన్నాను. ఏడవలేదు. మిగిలిన కాయలు తుంచడం పూర్తి చేసింది. ఆదివారం దాకా ఉండమంది. "గుడిదాక జర తోడు రా" అంది.

ఎన్నో ఏళ్ల తర్వాత మా గుడిలో కూర్చున్నాను. ఆమె ముందు బెంచీలో, ఎప్పటి చోటే. ఇప్పుడు ఆ పని చెయ్యకపోయినా ఆ చోటు ఆమెదే. పాస్టరు, గుంటూరు వైపు కుర్రవాడు, ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అని అడిగాడు. మా అవ్వ బెంచీ పట్టుకుని లేచింది.

"గా గుళ్ల నా పెనిమిటి పేరు ఇచ్చింది నేను" అంది. "ఉపదేశన్న గాదు. నన్ను ఎల్లగొడ్తరని ఆయన ఈ గుడి బైబిల్ మీద చెయ్యి పెట్టి నా కోసం అబద్ధం చెప్పిండు. నేను పక్కన నిలవడి ఊకున్న. ఇప్పుడు ఆయన పోయిండు. ఆయన కోసం ప్రార్థన చేస్త. తప్పంటే తర్వాత చెప్పుండ్రి."

చేసింది. చిన్న ప్రార్థన. మా గుడిలో ఒక చనిపోయిన మనిషి కోసం దేవుణ్ని అడగడం నేను మొదటిసారి విన్నాను. ఆయన పేరు చెప్పి, ఆయన్ను చూసుకొమ్మంది. తర్వాత మా బాపు పేరు కూడా చెప్పింది. ఆమెన్ అంది. ఎవ్వరూ అనలేదు. నేనూ అనలేకపోయాను.

ఏం చెయ్యాలో తోచక పాస్టరు తర్వాతి పాట అంకె చెప్పాడు. పాటకు అందరూ లేచారు. పాట అయిపోయింది, అందరూ కూర్చున్నారు. నడుము నొప్పితో పది నిమిషాలు నిలబడలేని మనిషి, మా అవ్వ, కూర్చోలేదు. ఆమె వెనక బెంచీలో, భర్త పోయిన ఒక ముసలామె సగం కూర్చున్నది కాస్తా ఆగి, బెంచీ మీద చెయ్యి ఊని, మళ్లీ లేచి నిలబడింది.